కణానికి పట్టూ తెలియాలి, విడుపూ తెలియాలి

కణాల పెంపకం నేర్చుకుంటున్న తొలి రోజుల్లో పూటంతా కూర్చుని చేసిన ఒక ప్రయోగం నా చేతుల్లోనే పాడైపోయింది. ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీను పూత పూసిన పళ్లెంలో చర్మపు ఫైబ్రోబ్లాస్టులు (కణాల చుట్టూ ఉండే అల్లికను నేసే కణాలు) ఎన్ని అతుక్కుంటాయో లెక్కపెట్టడం నా పని. కణాలను పెంచిన సీసా నుంచి ఊడదీసి, కడిగి, ఫాస్ఫేట్ ద్రావణంలో కలిపి, పూత ఉన్న గుంటల్లో పోసి, ముప్పావు గంట ఇంక్యుబేటరులో ఉంచి బయటికి తీశాను. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఒక్క కణమూ పరుచుకోలేదు. అన్నీ గుండ్రంగా మెరుస్తూ, పళ్లేన్ని వేలితో తడితే అటూ ఇటూ దొర్లుతున్నాయి. పూత సరిగా పడలేదేమో అనుకున్నాను, కణాలు చచ్చిపోయాయేమో అనుకున్నాను. రెండూ నిజం కాలేదు. నేను వాడిన ద్రావణం సీసా మీద, కాల్షియం, మెగ్నీషియం లేనిది అని చిన్న అక్షరాలతో స్పష్టంగానే రాసి ఉంది. చదవనిది నేను. మరునాడు అవే కణాలను, అదే పూతను తీసుకుని ద్రావణంలో ఒక మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిపితే, అరగంట తిరక్కముందే కణాల అంచులు పలుచని రేకుల్లా సాగి పళ్లెం మీద పరుచుకున్నాయి.

ఉండవలసిన ప్రోటీను ఉంది, దాన్ని గుర్తించవలసిన గ్రాహకమూ ఉంది, అయినా తొలిరోజు పట్టు కుదరలేదు. గ్రాహకాల గురించి చదివినప్పుడల్లా ఎదురయ్యే తాళం, తాళంచెవి పోలిక మీద నాకున్న నమ్మకం ఆనాటితో సడలింది. కణత్వచం మీది గ్రాహకం తన చుట్టూ ఉన్న ప్రోటీనును పట్టుకోవాలంటే ఆకారాలు సరిపోతే చాలదు; నడుమ ఒక లోహపు అయాను కూర్చోవాలి, గ్రాహకం తనంతట తాను పట్టుకునే భంగిమలోకి రావాలి, పట్టుకున్నాక ఆ బంధాన్ని ఎవరో ఒకరు లాగుతూ ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా పక్కపక్కనే ఉన్న రెండు అణువులు ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉండిపోతాయి.

కణాల చుట్టూ ఉండే అల్లికను కణబాహ్య మాత్రిక అంటారు. కొల్లాజన్ తాళ్లు, సాగే ఎలాస్టిన్, ఫైబ్రోనెక్టిన్ పోగులు, ఎపిథీలియం (చర్మానికీ అవయవాలకూ పైపొరగా ఉండే) కణాల అడుగున పరుపులా ఉండే లామినిన్ వల, వీటి సందుల్లో నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు, ఇవన్నీ కలిస్తే మాత్రిక. ఎముకలోనూ మృదులాస్థిలోనూ కణాలకంటే ఇదే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దీన్ని స్రవించి అల్లేవీ కణాలే, అల్లాక దాన్నే పట్టుకుని బతికేవీ కణాలే. పట్టు తప్పిన ఎపిథీలియం కణం తన చావును తానే కొనితెచ్చుకుంటుంది. 1994లో ఈ చావుకు అనోయికిస్ అని పేరు పెట్టారు, గ్రీకులో దాని భావం ఇల్లు లేకపోవడం. శాస్త్రవేత్తలు పెట్టే పేర్లలో ఇంత ఆర్ద్రత ఉన్నవి అరుదు.

మాత్రికను పట్టుకునే గ్రాహకాల్లో ముఖ్యమైనవి ఇంటిగ్రిన్లు. కణత్వచంలో ఇమిడి ఉండి, లోపలి కణపంజరానికీ బయటి మాత్రికకూ లంకె వేసే సముదాయం అనే అర్థంలో 1986లో రిచర్డ్ హైన్స్ బృందం ఈ పేరు వాడుకలోకి తెచ్చింది. ప్రతి ఇంటిగ్రిన్‌లోనూ ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసులు జతగా ఉంటాయి. మనిషి దేహంలో 18 రకాల ఆల్ఫాలు, 8 రకాల బీటాలు ఉన్నాయి. ఎవరితో ఎవరైనా జతకట్టడం కుదరదు కనుక మొత్తం 24 జతలే ఏర్పడతాయి. రెండు గొలుసుల పైభాగాలు కలిసి ఒక తలగా, కింది భాగాలు రెండు పొడవాటి కాళ్లుగా ఉంటాయి. కాళ్లు కణత్వచాన్ని దాటి లోపల పొట్టి తోకలుగా ముగుస్తాయి. బయట ప్రోటీనును పట్టేది తల, లోపలి నుంచి ఆజ్ఞ అందుకునేది తోక. వీటి మధ్య దూరం అణువుల కొలతలో చాలా ఎక్కువ. నిటారుగా నిలబడిన ఇంటిగ్రిన్ ఎత్తు దాదాపు 20 నానోమీటర్లు.

ఇంతకీ ఆ తల దేన్ని గుర్తిస్తుంది? 1984లో మైకేల్ పియర్ష్‌బాకర్, ఎర్కి రువోస్‌లాటి ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు అప్పట్లో చాలామందిని నివ్వెరపరిచింది. ఫైబ్రోనెక్టిన్ గొలుసులో రెండువేలకు పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాళ్లు దాన్ని ముక్కలు చేసి, కణాలు అతుక్కునే ముక్కను ఏరి, దాన్ని మళ్లీ ముక్కలు చేసి, చివరకు నాలుగు అమైనో ఆమ్లాల దగ్గర ఆగారు. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, సెరిన్. వీటిలోనూ మొదటి మూడే తప్పనిసరి. ఆర్‌జీడీ అని, వాటి ఒక్కక్షరపు సంకేతాలతో, నేడు అందరూ పిలిచే ఆ మూడింటి పెప్టైడును, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును, గట్టి ఉపరితలానికి అతికిస్తే కణాలు దాని మీద పరుచుకుంటాయి. అదే పెప్టైడును ద్రావణంలో కలిపితే గ్రాహకాల తలలను అది ముందే నింపేయడం వల్ల కణాలు ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకోలేకపోతాయి. ఒకే అణువు ఉపరితలానికి కట్టి ఉన్నప్పుడు కొక్కెంలాగా, విడిగా ఉన్నప్పుడు అడ్డంకిలాగా పని చేస్తుంది.

ఈ మూడింటిలో చివరిది అతి సున్నితమైనది. ఆస్పార్టిక్ ఆమ్లం స్థానంలో గ్లుటామిక్ ఆమ్లాన్ని పెడితే పట్టు దాదాపు పూర్తిగా పోతుంది. రెండింటికీ చివర ఉండేది అదే ఋణావేశపు కార్బాక్సిలేటు (ఒక కార్బను, రెండు ఆక్సిజన్ల గుంపు). తేడా అల్లా గ్లుటామిక్ ఆమ్లపు కొమ్మలో ఒక కార్బను, దానికి రెండు హైడ్రోజన్లు అదనంగా ఉండటమే. ఆ ఒక్క కణుపు పొడవుతో మొత్తం వ్యవహారం చెడుతుంది. అందుకే ప్రయోగాల్లో పోలిక కోసం గ్లుటామిక్ ఆమ్లం ఉన్న ఆర్‌జీఈ పెప్టైడును పక్కన పెట్టుకుంటాం. అది కూడా పని చేసిందంటే పరీక్షలోనే లోపముందని అర్థం.

ఒక్క కార్బను ఇంత గొడవ ఎందుకు చేస్తుందో 2002లో వెలువడిన స్ఫటిక నిర్మాణం (స్ఫటికంగా మార్చిన అణువును ఎక్స్-కిరణాలతో చూసి గీసిన చిత్రం) చూపించింది. ఆల్ఫా-వీ బీటా-3 అనే ఇంటిగ్రిన్ తలలో వలయాకారపు ఆర్‌జీడీ పెప్టైడు కూర్చున్న తీరు అందులో కనిపిస్తుంది. పెప్టైడు ఆల్ఫా, బీటా గొలుసుల మధ్యనున్న గాడిలో అడ్డంగా పడుకుంటుంది. ధనావేశం గల ఆర్జినిన్ చేయి ఆల్ఫా వైపుకు చాచుకుని అక్కడున్న ఋణావేశపు ఆమ్లాలను అందుకుంటుంది. ఆస్పార్టిక్ ఆమ్లపు చేయి బీటా వైపుకు చాచుకుంటుంది, అక్కడ దాని కోసం ఒక లోహపు అయాను కాచుకుని ఉంటుంది. నడుమనున్న గ్లైసిన్‌కు కొమ్మే లేదు కనుక ఇరుకు గాడిలో ఎవరికీ అడ్డు రాకుండా ఒదుగుతుంది. రెండు చేతులూ రెండు గట్లను ఒకేసారి అందుకోవాలి, కాబట్టి వాటి మధ్య దూరం కచ్చితంగా ఉండాలి. కొమ్మ పొడవు పెరిగితే కార్బాక్సిలేటు లోహం దగ్గర సరైన కోణంలో నిలబడలేదు.

లోహం సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. శరీరంలో ఆ చోట సాధారణంగా ఉండేది మెగ్నీషియం. తన చుట్టూ ఆరు ఆక్సిజన్ పరమాణువులను అమర్చుకోవడం మెగ్నీషియం స్వభావం. వాటిలో కొన్నింటిని గ్రాహకంలోని సెరిన్లు, గ్లుటామిక్ ఆమ్లం సమకూర్చగా, మరికొన్నింటిని నీటి అణువులు సమకూరుస్తాయి. ఒక్క స్థానం మాత్రం అవతలి ప్రోటీను తెచ్చే కార్బాక్సిలేటు కోసం మిగిలి ఉంటుంది. అంటే పట్టులో కీలకమైన బంధం గ్రాహకానికీ మాత్రికకూ నేరుగా కుదిరేది కాదు, మూడో పక్షం ద్వారా కుదిరేది. మధ్యవర్తి లేకపోతే ఇరుపక్షాల ఋణావేశాలూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. నా పాడైపోయిన పళ్లెంలో జరిగింది సరిగ్గా ఇదే. కణాలను సీసా నుంచి ఊడదీయడానికి రోజూ వాడే ట్రిప్సిన్ ద్రావణంలో ఈడీటీఏ కలపడం వెనుక కథా ఇదే; ట్రిప్సిన్ ప్రోటీనులను కోస్తుంటే, ఈడీటీఏ ఈ లోహాలను లాక్కుపోయి పట్టును వదులు చేస్తుంది. మెగ్నీషియం పక్కనే మరో రెండు లోహ స్థానాలుంటాయి, వాటిలో మామూలుగా కాల్షియం ఉంటుంది. కాల్షియం మోతాదు మించితే చాలా ఇంటిగ్రిన్లు ముడుచుకుంటాయి. ద్రావణంలో మాంగనీసు కలిపితే, కణం ఏ ఆజ్ఞా ఇవ్వకపోయినా గ్రాహకాలు బలవంతంగా తెరుచుకుంటాయి. మాంగనీసు వాడి సాధించిన అతుకుడును కణం సహజ స్వభావంగా చూపించే బొమ్మలు కనబడితే నేను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను.

ఆర్‌జీడీ కథ ఇంత చక్కగా కుదిరాక, మాత్రిక రహస్యమంతా మూడక్షరాల్లో ఉందనుకోవడం సహజమే. ఆ తేలిక మాట మాత్రం నిలవలేదు. 24 ఇంటిగ్రిన్లలో ఆర్‌జీడీని గుర్తించేవి 8 మాత్రమే. మరోవైపు ఆర్‌జీడీ వరస ఉన్న ప్రోటీనులు లెక్కకు మిక్కిలి. వాటిలో ఎక్కువ భాగాన్ని ఏ ఇంటిగ్రినూ పట్టించుకోదు, ఎందుకంటే ఆ మూడూ మడతల లోపల కూరుకుపోయి ఉంటాయి, లేదా తప్పు కోణంలో బిగుసుకుపోయి ఉంటాయి. ఫైబ్రోనెక్టిన్‌లో అవి మూడో రకపు మాడ్యూళ్లలో (గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే మడత ముక్కల్లో) పదోదాని నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక వంపు కొసన, గాలిలో ఊగే కొమ్మ చివరి కాయల్లా ఉంటాయి. దానికి పక్కనున్న తొమ్మిదో మాడ్యూల్‌లో సహాయక స్థానం ఒకటుంది. ఆర్‌జీడీకి కొన్ని నానోమీటర్ల దూరంలో ఉండే ఈ స్థానం ఒంటరిగా కణాన్ని నిలపలేదు, కానీ ఆల్ఫా-5 బీటా-1 అనే ఇంటిగ్రిన్ ఫైబ్రోనెక్టిన్‌ను గట్టిగా పట్టుకోవాలంటే ఇది కూడా తోడు రావాలి. ఆల్ఫా-వీ బీటా-3 దీన్ని పెద్దగా లెక్కచేయదు. ఒకే ప్రోటీనును ఇద్దరు పట్టుకున్నా, ఒకరు రెండు చోట్ల పట్టుకుంటున్నారు, ఒకరు ఒక్కచోటే. ఎలుకల్లో ఫైబ్రోనెక్టిన్ ఆర్‌జీడీని ఆర్‌జీఈగా మార్చినప్పుడు పిండాలు పదో రోజు ప్రాంతంలోనే, రక్తనాళాలు సరిగా ఏర్పడక చనిపోయాయి. పళ్లెంలో చూసిన ఒక్క కార్బను తేడా నిండు ప్రాణి విషయంలోనూ చావుబతుకుల తేడాగా తేలింది.

కొల్లాజన్ దగ్గరికి వచ్చేసరికి భాష మారుతుంది. కొల్లాజన్ అణువులో మూడు గొలుసులు జడలా పేనుకుని ఉంటాయి, కనుక దాన్ని గుర్తించే గ్రాహకం ఒక్క గొలుసును కాకుండా జడ మొత్తాన్ని చదవాలి. ఈ పని చేసే ఇంటిగ్రిన్లు నాలుగు. వాటి ఆల్ఫా గొలుసు తలలో ఐ-డొమైన్ అనే అదనపు గుండ్రటి భాగం ఉంటుంది. కొల్లాజన్‌లో గ్లైసిన్, ఫినైలలనిన్, హైడ్రాక్సీప్రోలిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, ఆర్జినిన్ అనే ఆరింటి వరస వచ్చిన చోట ఆల్ఫా-2 ఐ-డొమైన్ వాలుతుంది. 2000లో వచ్చిన స్ఫటిక చిత్రంలో ఒక గొలుసులోని గ్లుటామిక్ ఆమ్లం నేరుగా లోహాన్ని అందుకోవడం కనిపిస్తుంది. ఆర్‌జీడీ విషయంలో పనికిరాదని తోసేసిన గ్లుటామిక్ ఆమ్లమే ఇక్కడ కావలసినవాడు. మారనిది ఒక్కటే, లోహాన్ని అందుకునే కార్బాక్సిలేటు ఉండాలి. మిగతా కొలతలు గాడిని బట్టి మారుతాయి.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఐ-డొమైన్ కొల్లాజన్‌ను పట్టుకున్నాక ఆ కబురును కింద ఉన్న బీటా గొలుసుకు అందించడానికి కూడా అదే ఉపాయం వాడుతుంది. ఐ-డొమైన్ చివరి హెలిక్స్ (మరలా చుట్టుకున్న భాగం) కిందికి జారి, తనలోని ఒక గ్లుటామిక్ ఆమ్లాన్ని బీటా గొలుసులోని లోహానికి అందిస్తుంది. బయటి ప్రోటీను గ్రాహకాన్ని పట్టుకున్నట్టే గ్రాహకంలోని ఒక భాగం మరో భాగాన్ని పట్టుకుంటుందన్నమాట. పరిణామం ఒకసారి బాగా కుదిరిన ఉపాయాన్ని ఊరికే వదలదు.

కొల్లాజన్‌ను వేడి చేస్తే జడ విడిపోయి జిలెటిన్ అవుతుంది. జడ విడిన క్షణంలోనే పైన చెప్పిన ఆరింటి వరస తన అర్థం కోల్పోతుంది, ఎందుకంటే మూడు గొలుసులూ పక్కపక్కన ఉంటేనే ఐ-డొమైన్‌కు ఆ చోటు చోటుగా కనిపిస్తుంది. కానీ అప్పటిదాకా జడ బిగువులో దాగి ఉన్న ఆర్‌జీడీ వరసలు ఇప్పుడు బయటపడతాయి. వాటిని ఆల్ఫా-వీ బీటా-3 వంటి వేరే ఇంటిగ్రిన్లు అందుకుంటాయి. అమైనో ఆమ్లాల వరసలో ఒక్క అక్షరం కూడా మారలేదు, మారింది మడత మాత్రమే, దానితో గ్రాహకమే మారిపోయింది. గాయపడిన కణజాలంలో ఎంజైములు కొల్లాజన్‌ను కోసినప్పుడు కూడా ఇలాంటి దాచిన చోట్లు బయటపడతాయి, దాంతో ఇక్కడ ఏదో తెగిందన్న వార్త కణాలకు చేరుతుంది. కొల్లాజన్ పూత పూస్తూ పళ్లేన్ని పొరపాటున ఎక్కువ వెచ్చబెట్టినవాళ్లకు ఫలితాలు తారుమారు కావడం వెనుక కారణం తరచు ఇదే.

పరీక్షనాళికల లోకంలో ఇలాంటి మోసాలు చాలానే ఉన్నాయి. కణాలను పెంచడానికి వాడే సీరంలో (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవంలో) ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే ప్రోటీనులు రెండూ ఉంటాయి; కణాలను సీరంతో సహా ఉత్త ప్లాస్టిక్ పళ్లెంలో పోసినా ఆ ప్రోటీనులు ముందు ప్లాస్టిక్‌కు అంటుకుని, వాటిని పట్టుకుని కణాలు పరుచుకుంటాయి. మనం పూసిన పూత వల్లే కణాలు అతుక్కున్నాయని మురిసిపోయేముందు సీరం లేకుండా ఒకసారి, పూత లేకుండా ఒకసారి చేసి చూడాలి.

లామినిన్‌ను గుర్తించే ఇంటిగ్రిన్లకు దాని గామా గొలుసు తోక కొసనుంచి మూడో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం చాలా ముఖ్యం. ఇక ఇంటిగ్రిన్లు కాని గ్రాహకాలు కూడా మాత్రికను పట్టుకుంటాయి, కాకపోతే వాటి పద్ధతి వేరు. కండరపు కణాల మీది డిస్ట్రోగ్లైకాన్ తన ప్రోటీను భాగంతో కాక, తన మీద పెరిగిన ప్రత్యేకమైన చక్కెరల గొలుసుతో లామినిన్‌ను అందుకుంటుంది. ఆ చక్కెరలు సరిగా పెరగకపోతే కండరాల క్షీణత వ్యాధులు వస్తాయి. లాసా వైరస్ కూడా కణంలోకి చొరబడటానికి ఆ చక్కెరలనే వెతుక్కుంటుంది. డీడీఆర్ అనే గ్రాహకాలు కొల్లాజన్ జడను గుర్తించి, లోపల టైరొసిన్ కైనేజులుగా (ప్రోటీనులకు ఫాస్ఫేటు తగిలించి కబురు పంపే ఎంజైములుగా) పని చేస్తాయి; మామూలు వృద్ధి కారకాల గ్రాహకాలు నిమిషాల్లో స్పందిస్తే వీటికి గంటలు పడుతుంది. నా మనసు ఎప్పుడూ ఇంటిగ్రిన్ల వైపే మొగ్గుతుంది కాబట్టి వీటికి ఇక్కడ న్యాయం చేయలేను.

ఇప్పటిదాకా చెప్పిందంతా తల గురించి. 2001లో ఆల్ఫా-వీ బీటా-3 బాహ్య భాగపు నిర్మాణం తొలిసారి బయటపడినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచింది తల కాదు, కాళ్లు. నిటారుగా నిలబడి ఉంటుందనుకున్న అణువు మోకాళ్ల దగ్గర 135 డిగ్రీలు వంగి, తలను కణత్వచం వైపు దించుకుని ఉంది. స్ఫటికంలో ఇరుక్కోవడం వల్ల అలా వంగిందేమోనని మొదట వాదించినవాళ్లున్నారు. తర్వాతి పరిశోధనల వల్ల తేలిందేమిటంటే ఇంటిగ్రిన్‌కు ముఖ్యంగా మూడు భంగిమలున్నాయి. వంగి తల మూసుకున్నది ఒకటి, నిటారుగా నిలిచినా తల మూసుకునే ఉన్నది ఒకటి, నిటారుగా నిలిచి తల తెరుచుకున్నది ఒకటి. గట్టిగా పట్టుకోగలిగేది మూడోది మాత్రమే. ఆల్ఫా-5 బీటా-1 విషయంలో మొదటి రెండింటితో పోలిస్తే మూడోదాని పట్టు కొన్ని వేల రెట్లు ఎక్కువ.

మూసుకుని ఉండటం ఎంత అవసరమో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను చూస్తే తెలుస్తుంది. ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఆల్ఫా-టూబీ బీటా-3 అనే ఇంటిగ్రిన్ ప్రతులు దాదాపు 80,000 ఉంటాయి. అది పట్టుకునే ఫైబ్రినోజన్ అనే ప్రోటీను లీటరు ప్లాస్మాలో 2 నుంచి 4 గ్రాముల దాకా కరిగి ఉంటుంది. ఫైబ్రినోజన్‌ను మాత్రిక ప్రోటీను అనవచ్చా అని ఎవరైనా అడిగితే, గాయం దగ్గర తాత్కాలిక మాత్రికను అల్లేది అదే కనుక అనవచ్చనే నా అభిప్రాయం. తాళం, చెవి లెక్కే సరైనదైతే ప్లేట్‌లెట్లన్నీ పుట్టిన క్షణంలోనే ఫైబ్రినోజన్‌ను పట్టుకుని, ఒకదానికొకటి అంటుకుని నాళాలను మూసేయాలి. అలా జరగకపోవడానికి కారణం ఆ 80,000 తలలూ వంగి మూసుకుని ఉండటమే. నాళం తెగి, లోపలి కొల్లాజన్ బయటపడి, ప్లేట్‌లెట్‌కు ఆ కబురు అందాక లోపలి నుంచి టాలిన్ అనే ప్రోటీను వచ్చి బీటా తోకను పట్టుకుంటుంది, కిండ్లిన్ అనే మరో ప్రోటీను దానికి తోడవుతుంది. తోకల దగ్గర ఆల్ఫా, బీటాల జత విడుతుంది. ఆ విడుపు కాళ్ల వెంట పైకి పాకి తలను తెరుస్తుంది. లోపలి తోకలో జరిగిన చిన్న ఎడబాటు 20 నానోమీటర్ల అవతల ఫైబ్రినోజన్‌ను పట్టిస్తుంది.

ఈ ఏర్పాటులో ఏ మెట్టు విరిగినా రోగి రక్తస్రావంతో బాధపడతాడు. 1918లో స్విస్ వైద్యుడు ఎడువార్డ్ గ్లాన్జ్‌మన్ వర్ణించిన వ్యాధిలో ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉంటుంది, కానీ అవి ఒకదానికొకటి అంటుకోవు. ఈ ఇంటిగ్రినే లోపించిందని, లేదా పాడైందని తర్వాత తెలిసింది. కిండ్లిన్-3 లోపించిన పిల్లల్లో కథ మరోలా ఉంటుంది. వాళ్ల ప్లేట్‌లెట్ల మీద ఇంటిగ్రిన్లు తగినన్ని ఉంటాయి, వాటి వరసలో ఏ తప్పూ ఉండదు, అయినా తెరుచుకోమని చెప్పేవాళ్లు లేక అవి వంగిన తల ఎత్తవు. వాళ్ల తెల్లరక్తకణాలదీ అదే పరిస్థితి కనుక రక్తస్రావంతో పాటు ఇన్‌ఫెక్షన్లూ వదలవు.

పట్టు కుదిరాక బలం సంగతి వస్తుంది. మామూలు బంధాన్ని లాగితే తొందరగా తెగుతుంది. ఆల్ఫా-5 బీటా-1, ఫైబ్రోనెక్టిన్‌ల బంధాన్ని 10 నుంచి 30 పికోన్యూటన్ల బలంతో లాగినప్పుడు అది ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని 2009లో ఒక్కొక్క అణువునే లాగి చూసిన ప్రయోగాలు తేల్చాయి. లాగేకొద్దీ బిగుసుకునే ముడి మనకు తెలిసినదే. ఇక్కడ ముడి అణువుల మధ్య పడింది. కణం లోపల టాలిన్ ఒక చివర ఇంటిగ్రిన్ తోకనూ మరో భాగంతో కణపంజరంలోని ఆక్టిన్ తంతువులనూ పట్టుకుని ఉంటుంది. ఆక్టిన్ లాగినప్పుడు దాదాపు 5 పికోన్యూటన్ల దగ్గరే టాలిన్‌లోని ఒక మడత విప్పుకుని, విన్‌క్యులిన్ అనే మరో ప్రోటీను అంటుకునే చోట్లు బయటపడతాయి. విన్‌క్యులిన్ వచ్చి ఆ కట్టును ఇంకా దిట్టం చేస్తుంది. మెత్తని మాత్రిక లాగితే వచ్చేస్తుంది కాబట్టి ఈ బిగింపు జరగదు, గట్టి మాత్రిక ఎదురు నిలుస్తుంది కాబట్టి జరుగుతుంది. తన కింద నేల ఎంత గట్టిదో కణం ఇలా లాగి చూసి తెలుసుకుంటుంది.

ఒంటరి గ్రాహకం ఎంత తెరుచుకున్నా కణాన్ని నిలపలేదు. 2004లో జర్మనీలో యోఆఖిం స్పాట్జ్ బృందం గాజు మీద బంగారు చుక్కలను క్రమమైన దూరాల్లో అమర్చి, ఒక్కో చుక్క మీద ఒక్క ఇంటిగ్రిన్‌కు మాత్రమే చోటుండేలా ఆర్‌జీడీని అతికించింది. చుక్కల మధ్య 58 నానోమీటర్లు ఉన్నప్పుడు కణాలు చక్కగా పరుచుకున్నాయి. అది 73 అయ్యేసరికి సరిగా నిలబడలేకపోయాయి. ప్రతి చుక్క మీదా పట్టు కుదిరే వీలున్నా, పట్టుకున్న గ్రాహకాలు పరస్పరం అందేంత దగ్గరగా లేకపోతే కణం దాన్ని నేలగా ఒప్పుకోవడం లేదు. ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను.

మందుల తయారీలో ఈ పట్టువిడుపుల సూక్ష్మం ఆలస్యంగా తెలిసివచ్చింది. పాముల విషంలో ఆర్‌జీడీని వంపు కొసన మోసుకొచ్చే చిన్న ప్రోటీనులున్నాయి, వాటిని డిస్‌ఇంటిగ్రిన్లు అంటారు. కాటుపడ్డ ప్రాణి ప్లేట్‌లెట్ల తలలను అవి నింపేసి రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. ఆ నమూనా చూసి తయారైనవే 1998లో అనుమతి పొందిన ఎప్టిఫిబటైడ్, టైరోఫిబాన్. గుండె నాళాల్లో గడ్డ పెరగకుండా సిర ద్వారా ఎక్కించే ఈ మందులు చాలామందిని కాపాడాయి. కానీ ఇదే తరహా మందులను నోటి మాత్రలుగా మార్చి పెద్ద పరీక్షలు చేసినప్పుడు మరణాలు తగ్గకపోగా పెరిగాయి. దానికి చూపే కారణాల్లో ఒకటి మనం చెప్పుకుంటున్న భంగిమ. ఆర్‌జీడీని అనుకరించే మందు గాడిలో కూర్చోగానే, నిజమైన ప్రోటీను కూర్చున్నట్టే భ్రమించి గ్రాహకం తెరుచుకుంటుంది; రక్తంలో మందు మోతాదు తగ్గి అది జారిపోయాక, తెరుచుకున్న తల ఖాళీగా, ఎదురుగా ఉన్న ఫైబ్రినోజన్‌ను అందుకోవడానికి సిద్ధంగా మిగులుతుంది. అడ్డుకోవడానికి పంపినవాడే తలుపు తీసి వెళ్లినట్టయింది.

తలను మూసి ఉంచుతూనే గాడిని నింపే మందు ఎలా ఉండాలో 2022లో టిమొథీ స్ప్రింగర్ బృందం చూపించింది. మూసుకున్న భంగిమలో మెగ్నీషియానికీ, గ్రాహకంలోని ఒక సెరిన్‌కూ నడుమ ఒక నీటి అణువు ఉంటుంది. తల తెరుచుకోవాలంటే ఆ నీరు తప్పుకుని, సెరిన్ నేరుగా మెగ్నీషియాన్ని అందుకోవాలి. మందులో సరైన చోట ఒక నైట్రోజన్ పరమాణువును అమరిస్తే అది హైడ్రోజన్ బంధంతో ఆ నీటిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది, తల మూసుకునే ఉంటుంది. తలను తెరిపించే పాత మందుల్లో అలాంటి నైట్రోజన్ లేదు. నా తొలి ప్రయోగంలో లోపించిన మెగ్నీషియం పక్కనే, మూసుకున్న తలల స్ఫటిక చిత్రాల్లో చిన్న ఎర్రటి చుక్కగా కనిపిస్తూ వచ్చిన ఆ నీటి అణువును నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ దాటేసి ముందుకు వెళ్లిపోయాను.